పంటికి అందని దారం



వానలు పడ్డాక హిమాయత్‌సాగర్ వైపు ఏ ఆదివారం పొద్దున వెళ్లినా పాతబస్తీ వాళ్లు కనిపిస్తారు. బహదూర్‌పురా, శాలిబండ, ఫలక్‌నుమాల నుంచి బండ్ల మీద వస్తారు. బండి పక్కన గాలపు రాడ్డు కట్టి ఉంటుంది. హ్యాండిల్‌కు వేలాడే సంచిలో పిండిముద్ద, డబ్బాలో వానపాములు, ఇంకో డబ్బాలో రబ్బరు కప్పలు. ఈ గాలపు వేటను మా దగ్గర తెలుగు ఇళ్లలో కూడా ‘మచ్లీ కా షికార్’ అనే అంటారు. వాళ్లలో ఎవర్ని కదిలించినా ఒకటే బాధ. కొర్రమీను అందుకుంది, లాగుతుంటే దారం పుటుక్కుమంది, వందలు పోసి కొన్న కప్ప నీళ్లపాలైంది.

ఆ తెగిన దారం గురించే ఈ పూట మాట్లాడతాను. పోయేది కప్ప ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చి రేడియోలో చెప్పాల్సిన పని లేదు. తెగిన దారం అవతలి కొసన ఒక ప్రాణి ఉంటుంది. దాని నోట్లో రెండు కొనల కొక్కెం దిగి ఉంటుంది. దాన్ని తీసేవాడు ఇక లేడు. దారానికీ ఎరకూ మధ్య కట్టే ఆ జానెడు తునక, అంటే లీడర్, మన డబ్బును కాపాడే మాట నిజమే. కానీ దాన్ని శ్రద్ధగా కట్టుకోవడం ముందుగా ఆ చేపకు మనం పడ్డ బాకీ అని నేను నమ్ముతాను.

దారం ఎందుకు తెగుతుందో పాతబస్తీ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. సంక్రాంతి రోజుల్లో మిద్దెల మీద గాలిపటాల పేచ్ పడుతుంది కదా, ధూల్‌పేట మాంజాతో. రెండు దారాలు కలిసినప్పుడు ఏది తెగుతుంది? బిగుసుకొని ఉండి, ఒకే చోట రాపిడి తిన్నది తెగుతుంది. వదులుగా ఉన్న దారాన్ని కత్తి పెట్టి కోసినా జారిపోతుంది. అదే బిగిసి ఉంటే చిన్న గాటు చాలు. చేప నోట్లోనూ జరిగేది ఇదే. పన్ను కదలదు, చేప తల విదిలించినప్పుడల్లా దారం ఆ పంటి మీదే ముందుకూ వెనక్కూ నడుస్తుంది. ఇవతల మనం రీలు తిప్పుతూ దాన్ని ఇంకా బిగిస్తుంటాం.

అందుకే దుకాణంలో డబ్బా మీద రాసి ఉండే ‘యాభై పౌన్లు’ అన్న మాట చూసి మోసపోకూడదు. అది లాగితే తెగే బలం. కోస్తే తెగే బలం వేరు. ఇప్పుడందరూ వాడే అల్లిక దారం, బ్రెయిడ్ అంటారే, అది చాలా సన్నని పాలిథిలీన్ పోగుల జడ. లాగుడుకి అంత సన్నటి దారాల్లో దాన్ని మించింది లేదు. అయితే పోగులు సన్నవి కాబట్టి పంటి అంచుకు ఒక్కొక్కటే తెగిపోతూ వస్తాయి. పైకి నూగులా కనిపిస్తుంది. ఆ నూగును చూసీ చూడనట్టు మళ్లీ ఎర విసిరితే తర్వాతి చేపకు దారం నిలవదు.

ఇక పళ్ల సంగతి. అన్ని చేపలకూ దవడ మీద పళ్లుండవు. బొచ్చె, రాగండి, మోసు లాంటి గండి జాతి చేపలకు దవడలు నున్నగా ఉంటాయి. వాటి పళ్లు గొంతులో, లోపలెక్కడో ఉంటాయి. పిండిముద్దతో ఈ చేపలకు గాలం వేసేవాళ్లకు లీడర్ గొడవే లేదు. తంటా అంతా దవడల మీద పళ్లున్న చేపలతోనే.

మన దగ్గర వాటిలో మొదటిది కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప అది. మృగశిర కార్తె వచ్చిందంటే బేగంబజారులో దానికుండే గిరాకీ హైదరాబాదీలకు తెలుసు. దూద్‌బౌలిలో మొదలై ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరిగే చేపమందు పంపిణీలో కూడా నోట్లో వేసేది కొర్రమీను పిల్లనే. మార్కెట్‌లో చేపలు కోసే అతన్ని అడిగి ఒక పెద్ద కొర్రమీను నోరు తెరిపించి చూడండి. కింది దవడ ముందు భాగంలో సన్నని పళ్లు వరసలు వరసలుగా ఉంటాయి. వాటి వెనక శంఖాకారంలో పెద్ద కోరలు ఒక వరస. పైన అంగుట్లోనూ పళ్లే. అన్నీ లోపలికి వంగి ఉంటాయి. ఒకసారి పట్టిన కప్ప వెనక్కి జారకుండా ఆ ఏర్పాటు. మన రబ్బరు కప్పకు పడేవీ ఆ కాట్లే.

రెండోది వాలుగ. మూతి చివర నుంచి కన్ను దాటి వెనక్కి చీలిన నోరు దానిది. కృష్ణ, గోదావరి నదుల్లో, నాగార్జునసాగర్‌లో దీని కోసం రాత్రుళ్లు కూర్చునేవాళ్లున్నారు. దీని పళ్లు పెద్దవి కావు, కానీ దవడల నిండా దట్టంగా ఉంటాయి. వాలుగ పట్టినప్పుడు నైలాన్ దారం ఒక్కసారిగా తెగదు, పది నిమిషాల పోరాటంలో అరిగి అరిగి, చేప గట్టు దగ్గరికి వచ్చాక తెగుతుంది. పైగా అంత పెద్ద నోరు ఎరను ఎంత లోపలికైనా మింగేస్తుంది కాబట్టి జానెడు లీడర్ సరిపోదు, జానెడున్నర అయినా కావాలి. ఇంకొక మాట కూడా చెప్పాలి. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం వాలుగను ముప్పు ఉన్న జాతుల జాబితాలో పెట్టింది. దొరికిన ప్రతి వాలుగా ఇంటికి తేవాల్సింది కాదు.

మూడోది చాలామంది ఊహించనిది, రూప్‌చంద్. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కోస్తా చెరువుల్లో పెరిగి, పాతబస్తీ చేపల బండ్ల మీదికి చవగ్గా దిగిన చేప. దానివి కోరలు కావు, నమిలే పళ్లు. మనిషి దవడపళ్లలా వెడల్పుగా ఉంటాయి. అమెజాన్ వరదనీళ్లలో రాలిన కాయలూ గింజలూ కొరికి తినడానికి ప్రకృతి ఇచ్చిన పళ్లవి. డబ్బు కట్టి గాలం వేసుకునే ప్రైవేటు చెరువుల్లో ఈ రూప్‌చంద్ పిండిముద్ద కోసం వచ్చి, కొక్కేనికి పైన దారాన్ని శుభ్రంగా కొరుక్కుపోతుంది. గండి చేపల కోసం కట్టుకున్న సన్న నైలాన్ దాని ముందు ఆగదు. కొక్కేనికి పైన నాలుగు వేళ్ల పొడవు మెత్తని ఉక్కు తీగ ఉంటే చాలు.

సెలవులకు విశాఖకో భీమిలికో వెళ్లి సముద్రంలో గాలం వేసే పాతబస్తీ కుర్రాళ్లకు ఇంకొకటి చెప్పాలి. వంజరం పళ్లు పలచగా, త్రికోణంగా, రెండు వైపులా పదునుగా ఉంటాయి. కొర్రమీనులా పట్టి ఉంచే పళ్లు కావు, కోసే పళ్లు. సావళ్లవి కొనకు ముల్లున్న కోరలు. వీటికి నైలాన్ పనికిరాదు, తీగ ఒక్కటే దారి. ఆ తీగను దారానికి కలిపే స్వివెల్ మెరిసేది కాకుండా నల్లది కొనండి. నీళ్లలో మెరిసే స్వివెల్‌ను చిన్న చేప అనుకొని వంజరం దాన్నే కొరుకుతుంది. దాని పైనున్న దారం అక్కడే తెగుతుంది. తీగ కట్టుకొని కూడా లూర్లు, అంటే నకిలీ ఎరలు, పోగొట్టుకునేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

ఈ బాధ మనకే కొత్తగా వచ్చింది కాదు. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ 1653లో రాసిన గాలపు వేట పుస్తకంలో పైక్ అనే పళ్ల చేపకు తీగ కట్టిన కొక్కేలే వాడమన్నాడు. మన దక్కన్‌లో అంతకు 500 ఏళ్ల ముందే, కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగమే పెట్టాడు. ఏ చేపకు ఏ ఎర, గాలం ఎలా ఉండాలి అని ఒక రాజు కూర్చుని రాయించాడంటే ఈ విద్య మీద ఆ కాలానికి ఎంత గౌరవమో చూడండి. ఆ కల్యాణి బీదర్ జిల్లాలో, మన జహీరాబాద్ దాటితే వచ్చే బసవకల్యాణే. పాతబస్తీలో గాలం పట్టుకున్న కుర్రాడికి ఈ సంగతి తెలిస్తే బావుంటుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

సరే, ఏ చేపకు ఏ లీడర్?

కొర్రమీనుకు ఉక్కు తీగ వద్దంటాను. రబ్బరు కప్ప నీటి పైన, గుర్రపుడెక్క ఆకుల మీద గెంతాలి. బరువైన తీగ కడితే దాని ముక్కు నీళ్లలోకి దిగిపోతుంది, ఇక అది కప్పలా నడవదు. దీనికి ఫ్లోరోకార్బన్ మంచిది. జపాన్‌లో కురేహా సంస్థ 1971లో తెచ్చిన దారం అది. నీళ్లలో కనపడదని చెప్పి అమ్ముతారు. కాంతి వక్రీభవన గుణకం దానిలో 1.42, నీటిలో 1.33, అంటే నైలాన్ కన్నా నీటికి దగ్గర. మాట నిజమే. కానీ మన చెరువుల బురదనీళ్లలో కనపడినా కనపడకపోయినా ఒకటే. మనకు కావాల్సింది దాని గట్టిదనం. నలభై, యాభై పౌన్లది మూరెడు కట్టుకుంటే కొర్రమీను పళ్లకు ఆగుతుంది. గీతలు పడుతుంది, తెగదు. ఫ్లోరోకార్బన్ దొరక్కపోతే అంతే లావు నైలాన్ అయినా ఉత్త బ్రెయిడ్ కన్నా నయం.

పళ్లే కాదు, గట్టు కూడా దారాన్ని తింటుంది. మీర్ ఆలం చెరువు కట్టను చూసే ఉంటారు, జూపార్కు పక్కన. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో దివాన్ మీర్ ఆలం పేరున కట్టిన ఆ కట్టలో 21 కమాన్లు అర్ధచంద్రాకారంలో వరసగా ఉంటాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు ఈ నగరం ఆ చెరువు నీళ్లు తాగింది. ఇప్పుడు గుర్రపుడెక్క కమ్మేసింది. గాలిని కూడా పీల్చగలిగే కొర్రమీను అలాంటి నీళ్లలోనూ బతికేస్తుంది. అలాంటి పాత రాతి కట్టల అంచు మీద చేపను పైకి లాగితే, పళ్లు వదిలిపెట్టిన దారాన్ని రాయి తెంపేస్తుంది. అందుకే పైకి లాగొద్దు, చేతివలతో కిందినుంచి ఎత్తుకోవాలి.

వాలుగకు మెత్తని తీగ కావాలి. ఏడు పోగుల ఉక్కు తీగ మీద నైలాన్ తొడుగున్నది దుకాణాల్లో దొరుకుతుంది. కొందరు స్కూటర్ క్లచ్ వైరు పోగులు విప్పి వాడతారు. అది బిరుసుగా ఉంటుంది, మెలిపడితే అక్కడే విరుగుతుంది, నాలుగు రోజుల్లో తుప్పు పడుతుంది. వద్దు. తొడుగున్న తీగను ఇలా కట్టుకోండి. తీగ లావుకు సరిపోయే స్లీవ్ ఒకటి తీసుకోండి, చిన్న లోహపు గొట్టం అది. తీగను స్లీవ్‌లోంచి, ఆ తర్వాత స్వివెల్ కన్నులోంచి దూర్చి, మళ్లీ స్లీవ్‌లోకి తిప్పి తేవాలి. చిటికెన వేలి గోరంత ఉచ్చు వదిలి, స్లీవ్‌ను నడుమ నొక్కాలి. రెండు చివర్లనూ నొక్కేస్తే ఆ అంచే తీగను కోస్తుంది. నొక్కాక ఉచ్చును ఒక మేకుకు తగిలించి, చేతికి గుడ్డ చుట్టుకొని గట్టిగా లాగి చూడండి. జారిందా, చెరువు దగ్గర జారేకన్నా ఇంట్లో జారితేనే మేలు.

వంజరానికి వాడే ఒంటిపోగు తీగకు స్లీవ్ అక్కర్లేదు, మెలికే ముడి. లూర్ కన్నులోంచి తీగను దూర్చి, రెండు కొసలనూ వెడల్పుగా ఎడం చేసి పట్టుకొని, రెండూ సమంగా ఒకదాని మీద ఒకటి పడేలా ఐదారు మెలికలు వెయ్యాలి. ఒక తీగ తిన్నగా ఉండి రెండోది దాని చుట్టూ తిరిగితే లాభం లేదు, జారిపోతుంది. ఆ తర్వాత కొసను అసలు తీగకు అడ్డంగా తిప్పి, పక్కపక్కనే ఆనుకునేలా నాలుగైదు చుట్లు చుట్టాలి. మిగిలిన కొసను పటకారుతో కత్తిరించొద్దు. కత్తిరిస్తే మిగిలే మొన వేలిని చీరేస్తుంది. కొసను చిన్న పిడిలా వంచి, అటూ ఇటూ తిప్పితే చుట్టు దగ్గరే నున్నగా విరుగుతుంది.

ఏ లీడర్ అయినా దాని ఆయువు చూసుకోవాల్సింది మనమే. హిమాయత్‌సాగర్ దగ్గర ఒక పెద్దాయన, అందరూ చిచ్చా అని పిలుస్తారు, ప్రతి చేప తర్వాతా లీడర్‌ను పైనుంచి కిందిదాకా పెదవుల మధ్య పెట్టి మెల్లగా లాగుతాడు. కంటికి కనపడని గీత పెదవికి తగులుతుంది. తగిలిన చోట మారుమాట లేకుండా కోసేసి కొత్త ముడి వేస్తాడు. “ఒక గీత పడ్డదాన్ని నమ్ముకుంటవా బేటా?” అని అడుగుతాడు పక్కన కూర్చున్న కుర్రాళ్లను. మురికినీళ్ల చెరువుల దగ్గర మాత్రం నోటికి బదులు బొటనవేలి గోరు వాడండి. గోరూ ఆ పని చేస్తుంది.

ఇక లూర్ల సంగతి. రబ్బరు కప్ప లోపల బోలుగా ఉంటుంది. కొర్రమీను కోర దిగిన చోట చిన్న బెజ్జం పడి, నీరు ఎక్కి, కప్ప మునిగిపోతుంది. చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపలి నీరు వినిపిస్తుంది. నీళ్లు పిండేసి, పూర్తిగా ఆరనిచ్చి, బెజ్జం మీద ఒక్క చుక్క జిగురు వేస్తే ఇంకో రెండు చేపలు దొరుకుతాయి. తడి మీద వేస్తే నిలవదు, తొందరపడే వాళ్ల కప్పలు అక్కడే పోతాయి. గట్టి ప్లాస్టిక్ లూర్లకు, చెక్క లూర్లకు పంటి గాట్ల మీద పలచగా ఎపాక్సీ పూయాలి. చెక్కలోకి నీరు దిగితే బరువు మారి, అది చేపలా ఈదదు. ఫిన్లండ్‌లో లౌరి రాపలా అనే జాలరి 1936లో తన మొదటి లూర్‌ను బెండుతో చెక్కినప్పుడు, పైన చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగటివ్‌లు కరిగించి పూత పూశాడు. లక్క కొనే స్తోమత లేక చేసిన పని అది. ఆ తర్వాత అతని పేరు ప్రపంచమంతా లూర్ల మీద కనిపించింది. చేతిలో ఉన్న వస్తువుతో పూత వెయ్యొచ్చని చెప్పడానికి అతన్ని తలచుకున్నాను.

అన్నీ చేసినా దారం ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. దానికీ ముందే సిద్ధపడాలి. కొక్కెం మీద ఉండే ఎదురుముల్లును పటకారుతో నొక్కి చదును చెయ్యండి. చేప తప్పించుకు పోయినా అలాంటి కొక్కెం ఊడి పడిపోయే అవకాశం ఎక్కువ. స్టెయిన్‌లెస్ కొక్కేలు కొనొద్దు. మామూలు ఉక్కుదైతే తుప్పు పట్టి ఎప్పటికైనా అరుగుతుంది.

సముద్రంలో పెద్ద ఓడల వేటలో మాత్రం, దారం తెగకూడదన్న ఈ లెక్క తలకిందులవుతుంది. ట్యూనా కోసం మైళ్ల పొడవు దారం వేసే ఓడలు తీగ లీడర్లు వాడితే, ఎర కోసం వచ్చిన సొరచేపలు కొరుక్కొని పోలేక చచ్చిపోతున్నాయి. అందుకే పశ్చిమ, మధ్య పసిఫిక్ చేపల వేటను చూసే అంతర్జాతీయ కమిషన్ 2022లో తీర్మానించి, 2024 జనవరి నుంచి 20 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశాల మధ్య ఆ ఓడలకు తీగను నిషేధించింది. అక్కడ సొర ఆ ఓడలు కోరని చేప, అది కొరుక్కొని పోవాలి. ఇక్కడ కొర్రమీనూ వాలుగా మనం కోరి గాలం వేసిన చేపలు. కోరి వేసినప్పుడు చేతికి వచ్చేదాకా దారం నిలవాలి, చేతికి వచ్చాక కొక్కెం మన చేత్తోనే తియ్యాలి.

పిల్లల కాలంలో కొర్రమీను విషయం వేరు. వానాకాలంలో ఎర్రగా, గుంపుగా దాని పిల్లలు గాలి కోసం నీటి పైకి తేలుతుంటాయి. కిందే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ గుంపు మధ్య ఏది పడినా కొరుకుతుంది, ఆకలితో కాదు. అది తెలిసి అక్కడే కప్ప వేసేవాళ్లున్నారు. దయచేసి వెయ్యకండి. కాపలా పోతే ఆ గుంపు మొత్తం ఒక్క పూటలో ఇతర చేపల నోట్లో పడుతుంది. ఇంకొకటి, ఈ చెరువుల్లో చేపల మీద హక్కు స్థానిక మత్స్యకార సంఘాలది. గాలం వేసే ముందు వాళ్లను అడగండి.

కోసి పారేసే దారం ముక్కలు గట్టు మీద వదలకండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. దానికి చిక్కి పక్షులు చావడం కూడా అందుకు ఒక కారణం. మన గాలాలకు కట్టే నైలాన్ దారం కూడా అలాంటిదే, కొంగ కాళ్లకు రెండూ ఒకటే. మూత ఉన్న ఒక పాత సీసా సంచిలో వేసుకుంటే ముక్కలన్నీ ఇంటికొస్తాయి.

చివరగా, చేప చేతికొచ్చాక చెయ్యాల్సింది. కొర్రమీను నోట్లో వేలు పెట్టొద్దు, వాలుగ దవడ పట్టుకోవద్దు. తడి గుడ్డతో తల వెనక పట్టుకోండి. పొడుగు మూతి పటకారుతో కొక్కెం వంపు దగ్గర పట్టి, లోపలికి వచ్చిన దారినే వెనక్కి తిప్పితే వస్తుంది. గొంతులో లోతుగా దిగిపోయి ఉంటే పీకకండి. దగ్గరున్న కట్టింగ్ ప్లయర్‌తో కొక్కెం కాడను అందినంత లోపల కత్తిరించి, చేపను నీళ్లలో పట్టుకోండి. మొప్పలు సరిగా ఆడుతూ అది మీ చేతిలోంచి తనంతట తాను విదిలించుకొని పోయేదాకా వదలొద్దు.